60 శాతం శుద్ధి అంటే 40 శాతం మురికా?

సైన్సు చదువుకునే మాబోటి వాళ్లకు ఒక అలవాటు ఉన్నది. పదం తెలిస్తే చాలు, విషయం తెలిసినట్టే అనుకుంటాం. 'ఐసోటోపు అనగానేమి?' అని పరీక్షలో అడిగితే రెండు వాక్యాలు రాసి రెండు మార్కులు సంపాదించుకుంటాం. ఆ రెండు వాక్యాలనే బజార్లో నిలబడి, ఏ పరీక్షా రాయనవసరం లేని మనిషికి చెప్పమంటే సంగతి వేరుగా ఉంటుంది. బజారు అని నేను మాటవరసకు అనడం లేదు. నాకు నిజంగానే ఒక బజారు ఉన్నది.

మా చిన్నాయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక టోకు కిరాణా దుకాణంలో గుమాస్తా. దుకాణం మీది గదిలో ఆయనతోపాటు ఉండి చదువుకుంటున్నాను. సాయంత్రం కళాశాల నుంచి వచ్చి గంటో రెండు గంటలో బిల్లులు రాసిపెడతాను. అటు నాంపల్లి, ఇటు బేగంబజారు, నడుమ పప్పుల బస్తాలు, మిరియాల ఘాటు, తోపుడుబండ్లు, లారీల దగ్గర హమాలీల కేకలు. పొద్దుపోయి గిరాకీ తగ్గాక దుకాణం ముందు ఒక పేపరు నలుగురి చేతులు మారుతుంది. 2025 జూన్‌లో ఇరాన్ దేశంలోని నతాంజ్, ఫోర్డో, ఇస్ఫహాన్ అణుకేంద్రాల మీద ఇజ్రాయెల్, అమెరికా దాడులు చేసిన రోజుల్లో ఆ పేపరు నిండా ఒకటే మాట: యురేనియం శుద్ధి. ఇరాన్ 60 శాతం శుద్ధి చేసిందని ఒకచోట, 90 శాతం శుద్ధి చేస్తే బాంబు తయారవుతుందని మరొకచోట.

సేటు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి అడిగాడు: "ఏం బేటా, నువ్వు సైన్సు చదువుతవు గదా. 60 శాతం శుద్ధి అంటే ఇంకా 40 శాతం మురికి ఉన్నట్టే గదా! గంత మురికి సరుకు కోసం గింత లడాయి ఎందుకయా?"

చదువరులు నవ్వవద్దని మనవి. నలభై ఏళ్లుగా పప్పు అమ్ముతున్న మనిషి వేయవలసిన ప్రశ్నే అది. 40 శాతం మట్టి ఉన్న కందిపప్పును గంజ్‌లో ఎవరూ దించుకోరు. లారీ వచ్చిన దారినే వెనక్కు పంపుతారు. లోపం ఆయన తెలివిలో లేదు, ఆయనకు మనం అందించిన మాటలో ఉన్నది. ఆ మాటను పట్టుకుని కొన్ని నెలలపాటు నేను దుకాణంలోనూ, సెలవుల్లో మా ఊళ్లోనూ చేసిన పదాల బేరమే ఈ వ్యాసం.

ముందు శుద్ధి సంగతి. గంజ్‌లో శుద్ధి అంటే రాళ్లు, పుల్లలు, మట్టిబెడ్డలు ఏరిపారేయడం. పోయేది పప్పు కానిది, ఉండేది పప్పు. యురేనియానికి కూడా అటువంటి శుద్ధి ఒకటి ఉన్నది. అది మన నగరంలోనే జరుగుతున్నది. మౌలాలి దగ్గర 1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయం, జనం నోట్లో ఎన్.ఎఫ్.సి., ఆ పనే చేస్తుంది. జార్ఖండ్‌లోని జాదుగూడ వంటి చోట్ల నుంచి వచ్చే పసుపుపచ్చని ముడిసరుకును ఆమ్లంలో కరిగించి, అందులోని ఇతర మూలకాలను రసాయన పద్ధతిలో తీసివేసి, మిగిలిన మంచి యురేనియాన్ని ఆక్సైడ్ పొడిగా మార్చి, ఆ పొడిని చిన్న చిన్న బిళ్లలుగా నొక్కి కాలుస్తారు. ఆ బిళ్లలను జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో పేర్చి, 19 గొట్టాలను ఒక కట్టగా కడతారు. 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడేది ఈ కట్టనే. మూర పొడవుండే ఒక్కొక్క కట్టలో సుమారు 15 కిలోల యురేనియం ఉంటుంది. ఇది అచ్చమైన శుద్ధి. సేటుకు చెప్పీ చెప్పకముందే అర్థమైంది.

పేపర్లో రాసే శుద్ధి ఇది కాదు. అక్కడ తీసివేసేది కూడా యురేనియమే! అదే లోహం, అదే రంగు, అదే రసాయన గుణం. అటువంటప్పుడు దాన్ని మురికి అనడం ఎట్లా?

మాట ఒకటే అయి పనులు రెండైతే ఏమవుతుందో చూడండి. హైదరాబాదులో యురేనియం శుద్ధి జరుగుతున్నదన్నది నిజం. యురేనియం శుద్ధి చేస్తే బాంబు అవుతుందన్నది పేపర్లో వచ్చిన వాక్యం. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్న మనిషి మౌలాలిలో బాంబులు తయారవుతున్నాయని అనుకుంటే ఎవరిని తప్పు పట్టగలం? తర్కం ప్రకారం అతను సరిగానే ఆలోచించాడు. కాని మన భారజల రియాక్టర్లకు అక్కడ తయారయ్యే ఇంధనం భూమిలో దొరికిన పాళ్లలోనే ఉంటుంది. తారాపూర్‌లో 1969 నుంచి నడిచిన మరుగునీటి రియాక్టర్ల వంటి వాటికి మాత్రం వేరే రకం కావాలి. దానికోసం విదేశాల నుంచి తెచ్చిన సరుకును ఇక్కడ బిళ్లలుగా మలిచారు.

ఇక ఆ 'పాళ్లు' ఏమిటన్నది అసలు ప్రశ్న. భూమిలో దొరికే యురేనియంలో ప్రధానంగా రెండు రకాల పరమాణువులున్నాయి. వెయ్యింటిలో సుమారు 993 పరమాణువుల ద్రవ్యరాశి సంఖ్య 238, మిగిలిన 7 పరమాణువులది 235. ఈ ఏడింటికే తేలికగా చీలే గుణం. నెమ్మదిగా వచ్చిన న్యూట్రాను తగిలితే చాలు, రెండు ముక్కలై, వేడినీ మరికొన్ని న్యూట్రాన్లనూ విడుదల చేస్తాయి. ఒకే మూలకపు ఈ వేర్వేరు బరువుల రకాలనే ఐసోటోపులు అంటారు. ఈ గ్రీకు మాటకు 'ఒకే చోటు' అని అర్థం, ఆవర్తన పట్టికలో ఒకే గడిలో కూర్చుంటాయి గనుక. 1913లో ఫ్రెడరిక్ సాడీ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. పేరు సూచించింది మాత్రం ఆయన కాదు, మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు. ఆమె నవలలు రాసిన మనిషి. భౌతికశాస్త్రంలో ఇంత పెద్ద పదాన్ని ప్రయోగశాల బయటి మనిషి ఇచ్చిందన్న సంగతి నాకు ధైర్యాన్నిచ్చింది. అట్లయితే గంజ్ కూడా ఒకటో రెండో పదాలు ఇవ్వవచ్చు గదా!

మా ఇంట్లో సేద్యం. తూర్పారపట్టడం, చాటలో చెరగడం చిన్నప్పటినుంచీ చూసిన పనులు. గింజ బరువు, పొల్లు తేలిక. గాలి ఆ తేడాను పట్టుకుని పొల్లును అవతలికి విసిరేస్తుంది. 235, 238 మధ్య తేడా మూడంటే మూడే, నూటికి ఒకటి చిల్లర. అదీగాక రెండూ గింజలే, పొల్లు లేదు. రసాయన పద్ధతులకు ఈ తేడా దాదాపుగా అందదు, ఎందుకంటే రసాయన చర్యలు నడిపే ఎలక్ట్రానులు రెండింటిలోనూ సమానం. అందువల్ల బరువును పట్టుకునే వేరు చేయాలి. గాలిలో ఎగరేయాలంటే ముందు అది గాలిలా మారాలి గనుక, యురేనియాన్ని ఫ్లోరీన్‌తో కలిపి యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే పదార్థంగా మారుస్తారు. ఇది 56 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే కర్పూరంలాగా ఘనరూపం నుంచి నేరుగా వాయువైపోతుంది. ఫ్లోరీన్‌నే ఎందుకు వాడతారంటే, ప్రకృతిలో దానికి ఒకే ఐసోటోపు. అందుచేత అణువుల బరువులో తేడా వస్తే అది యురేనియం వల్ల వచ్చినదే అవుతుంది. తేలిక అణువు బరువు 349, బరువైనదానిది 352. తేడా ఇప్పుడు నూటికి ఒకటి కూడా లేదు!

ఈ కొద్దిపాటి తేడాను పట్టుకునే యంత్రమే సెంట్రిఫ్యూజ్. మన పుస్తకాల్లో 'అపకేంద్ర యంత్రం' అని ఉంటుంది. దుకాణంలో ఆ మాట అంటే, "అపశకునం లాగ ఉన్నది" అన్నాడు మా చిన్నాయన. పాలకేంద్రంలో వెన్న తీసే యంత్రం చూశావా అని అడిగితే వెంటనే తల ఊపాడు. గిన్నె గిరగిర తిరుగుతుంది, బరువైన పాలు అంచుకు పోతాయి, తేలికైన వెన్న నడుమకు చేరుతుంది. ఇక్కడా అంతే. సన్నని నిలువు డ్రమ్ము అతివేగంగా తిరుగుతుంటే బరువైన అణువులు గోడవైపు ఒక పిసరు ఎక్కువగా, తేలికవి నడుమ ఒక పిసరు ఎక్కువగా పోగవుతాయి. పిసరంటే పిసరే. ఒక యంత్రంతో పని కాదు. నడిమి వాయువును తరువాతి యంత్రానికీ, అంచు వాయువును వెనుకటి యంత్రానికీ పంపుతూ వందలు, వేలు యంత్రాలను వరుసగా కలుపుతారు. దీన్నే కాస్కేడ్ అంటారు. కాకతీయుల కాలం నుంచీ మన నేలమీద గొలుసుకట్టు చెరువులున్నాయి. ఒక చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. కాస్కేడ్‌కు 'గొలుసుకట్టు' అన్న మాట చక్కగా అతుకుతుంది. ఒక్క తేడా చెప్పాలి. చెరువుల్లో నీళ్లు కిందికే పోతాయి, ఈ గొలుసులో సరుకు రెండు దిక్కులా ప్రయాణం చేస్తుంది.

సేటు ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇవన్నీ సరిపోలేదు. "శాతం సంగతి చెప్పు" అని కూర్చున్నాడు. అప్పుడు దుకాణంలోనే దారి దొరికింది. నల్ల మినుములు 993, పచ్చపెసలు 7 లెక్కపెట్టి ఒక తట్టలో కలిపాం. లెక్కపెట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన ముసలి హమాలీ కాక తోడు కూర్చున్నాడు. పెసలు యురేనియం-235, మినుములు 238. ఇప్పుడు తట్టలో పెసల పాలు నూటికి 0.7. విద్యుత్ కేంద్రాల్లో తరచుగా వాడే 4 శాతానికి రావాలంటే ఏడు పెసలకు మొత్తం గింజలు 175 ఉండాలి. అంటే 825 మినుములు తీసెయ్యాలి. తీశాం. 20 శాతానికి రావాలంటే మొత్తం 35 ఉండాలి, ఇంకో 140 తీశాం. 60 శాతానికి మొత్తం 12 చాలు, మరో 23 తీశాం. 90 శాతానికి మొత్తం 8 ఉండాలి. తీయవలసినవి ఎన్ని?

"ఇగ నాలుగు గింజలేనా?" అన్నాడు కాక.

నాలుగే. సేటు చాలాసేపు ఆ తట్ట వైపు చూశాడు. 825 మినుముల కుప్ప ఒక పక్క, నాలుగు మినుములు ఒక పక్క. "అచ్ఛా, గందుకా లడాయి" అన్నాడు. 2015 ఒప్పందంలో ఇరాన్‌కు 3.67 శాతం హద్దు ఎందుకు పెట్టారో, 2021లో ఆ దేశం 60 శాతానికి పోయినప్పుడు ప్రపంచం ఎందుకు ఉలిక్కిపడ్డదో, దాడులకు ముందు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అంచనా కట్టిన సుమారు 440 కిలోల 60 శాతం సరుకు గురించి ఇంత వాదం ఎందుకో, ఆ తట్టను చూసినవాడికి వేరే చెప్పనక్కర లేదు. శాతాల మెట్లు పైకి పోయినకొద్దీ ఎత్తు తగ్గిపోతాయి. మొదటి మెట్టే గుట్టంత ఎత్తు. 60 అంటే 90కి మూడింట రెండు వంతుల దారి అని మనకు తోస్తుంది. శ్రమ లెక్కలో అది దారి చివర.

ఈ పోలికకు హద్దులున్నాయని వాళ్లకు అప్పుడే చెప్పాను. పెసరగింజ కంటికి కనబడుతుంది, చేతికి చిక్కుతుంది. 235 కనబడదు. నిజమైన కర్మాగారంలో తీసేసే కుప్పలోకి కొన్ని పెసలు కూడా పోతాయి. పోలిక చేతికర్ర వంటిది, గడప దాకా తీసుకుపోతుంది, లోపల దాన్ని మూలకు పెట్టాలి.

తీసేసే కుప్పలోకి పోయే పెసల దగ్గరే వ్యాపారం మొదలవుతుంది. 1 కిలో 4 శాతం యురేనియం కావాలనుకుందాం. తీసేసిన దాంట్లో 0.3 శాతం 235 మిగిలినా ఫరవాలేదనుకుంటే, 9 కిలోల సహజ యురేనియం గొలుసులో పొయ్యాలి. 1 కిలో సరుకు వస్తుంది, 8 కిలోలు పక్కకు పోతాయి. దీనికి పట్టే శ్రమను 'వేరుచేత యూనిట్ల'లో కొలుస్తారు. ఇక్కడ సుమారు 5.3 యూనిట్లు. అంత నష్టం వద్దు, పక్కకు పోయేదాంట్లో 0.2 శాతమే ఉండాలంటే ముడిసరుకు 7.4 కిలోలు చాలు, కాని శ్రమ 6.5 యూనిట్లకు పెరుగుతుంది. ఇదంతా విని సేటు కాగితం లాక్కుని తనే లెక్క వేశాడు: "సరుకు అగ్గువుంటే పొల్లుపోనీ, కూలి అగ్గువుంటే రెండోసారి చెరుగు." ప్రపంచంలో యురేనియం కంపెనీలు వేసుకునే లెక్క అక్షరాలా ఇదే. పుస్తకంలో నాకు అరపూట పట్టిన సంగతి ఆయన అరనిమిషంలో తేల్చేశాడు. ఈ యూనిట్లను కూడా కిలోల్లోనే చెబుతారు. అది సరుకు బరువు కాదు, కూలి లెక్క అని విడమరిచి చెప్పకపోతే చదివేవాడు తికమక పడక తప్పదు.

ఇప్పుడు పేర్ల సంగతి. పక్కకు పోయినదానికి పుస్తకాల్లో ఏవేవో పేర్లున్నాయి. గంజ్‌లో ఒక మాట ఉన్నది: తరుగు. రైతు సరుకు తూచినప్పుడు మట్టికింత, తేమకింత అని కోసే బరువు. రైతుబిడ్డగా ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది గాని, క్రియగా అది బంగారం లాంటి పదం. 235 పాలు తగ్గిపోయిన యురేనియాన్ని 'తరిగిన యురేనియం' అంటే ఎవరికీ వివరణ అక్కర లేదు.

అసలు పనికే పేరు దొరకడం కష్టమైంది. 'సంపన్న యురేనియం' అని చూశాను. "అంటే ఖరీదు ఎక్కువదా?" అన్నారు. 'సాంద్రీకరణ' అంటే మన సైన్సు విద్యార్థులే బరువుకు సంబంధించిన సాంద్రత అనుకున్నారు. 'చిక్కబెట్టడం' బాగుందనిపించింది. మా చిన్నమ్మ మాత్రం, "చిక్కబెట్టడమంటే నీళ్లు మరగబెట్టుడు గదా, ఈడ నీళ్లేవి?" అని ఒక్క మాటతో తీసిపారేసింది. చివరకు అందరూ ఒప్పుకున్నది 'పాళ్లు పెంచడం'. '235 పాలు 60 శాతానికి పెంచిన యురేనియం' అని రాస్తే వాక్యం రెండు మాటలు పొడుగవుతుంది. కాని 40 శాతం మురికి అన్న ప్రశ్న పుట్టదు. మిగిలిన 40 శాతం 238 రకమని వాక్యమే చెబుతుంది. మొదటిసారి అట్లా రాసి, తరువాత ఎన్‌రిచ్‌మెంట్ అని వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. రైలునూ స్టేషనునూ జీర్ణం చేసుకున్న భాషకు ఇదొక లెక్కా? పరభాషా పదం వల్ల తెలుగుకు వచ్చే నష్టం కంటె, అచ్చతెలుగులా కనబడుతూ తప్పు అర్థం చెప్పే పదం వల్ల వచ్చే నష్టం ఎక్కువని నా అభిప్రాయం.

ఇదంతా పేపరు చదివేవాళ్ల కాలక్షేపం అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. మాది నల్లగొండ జిల్లా, నాగార్జునసాగర్ జలాశయం దిక్కు పల్లె. లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతాల్లో యురేనియం గనుల ప్రతిపాదన వచ్చినప్పుడు నేను పుట్టలేదు. ఆ రోజుల సంగతులు మా నాయిన ఇప్పటికీ చెబుతాడు. ఒకరు వచ్చి బాంబులు పేలుతాయన్నారట. ఇంకొకరు వచ్చి ఏమీ కాదన్నారట. "అడుగుదామంటే మాకు మాట దొరకలేదురా. దేనికి భయపడాల్నో తెలిస్తే అడిగేటోళ్లం" అంటాడు. ఆ వాక్యం నన్ను వదలదు. భయం ఉన్నది, భయానికి పేరు లేదు. పేరులేని భయాన్ని ఒకడు రెచ్చగొట్టగలడు, ఇంకొకడు కొట్టిపారేయగలడు. రైతు మాత్రం నడుమ నిలబడిపోతాడు.

గని దగ్గర ఉండే సమస్య బాంబు కాదు. పాళ్లు పెంచే పని అక్కడ జరగనే జరగదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో ఉత్పత్తి మొదలుపెట్టిన గని సంగతి చూడండి. అక్కడి రాతిలో యురేనియం వెయ్యింటిలో ఒక వంతు కూడా ఉండదు. రాతిని పిండిచేసి, రసాయనాలతో యురేనియాన్ని లాగేశాక, దాదాపు తవ్వినంత రాతిపిండీ మిగిలిపోతుంది. యురేనియం వెళ్లిపోయినా, దానితో పుట్టిన రేడియం వంటి కిరణధార్మిక పదార్థాలు ఆ పిండిలోనే ఉంటాయి, వాడిన రసాయనాల శేషమూ ఉంటుంది. ఈ బురదను పెద్ద గుంటలో నిలవచేస్తారు. గుంట అడుగు గట్టిగా ఉన్నదా, నీరు భూమిలోకి ఇంకుతున్నదా అన్నదే అడగవలసిన ప్రశ్న. చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ బోరునీళ్ల గురించి, అరటితోటల గురించి చేసిన ఫిర్యాదులు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మీద ఆందోళన లేచి, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసినప్పుడు కూడా అడవి, నీరు, చెంచుల బతుకు ముఖ్యమైనాయి.

ఇక్కడ కూడా పదం అడ్డం పడుతున్నది. గని దగ్గరి ఈ బురదనూ, గొలుసుకట్టులో పక్కకు పోయే తరిగిన యురేనియాన్నీ ఇంగ్లీషులో తోకకు సంబంధించిన దాదాపు ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో రెంటినీ కలిపి 'వ్యర్థాలు' అనేస్తున్నాం. మొదటిది నిండా రాతిపిండి, యురేనియం దాదాపు లేనిది. రెండవది పూర్తిగా యురేనియం, రాయి లేనిది. రెండింటి ప్రమాదాలూ వేరు, జాగ్రత్తలూ వేరు. అదీగాక ఆ బురద గుంటను 'వ్యర్థాల చెరువు' అంటున్నారు. చెరువంటే మా పల్లెల్లో బతుకమ్మను సాగనంపే చోటు, పశువులు నీళ్లు తాగే చోటు. ఆ పేరు ఈ గుంటకు పెట్టకూడదు. నూనెపీపా అడుగున మిగిలేదాన్ని గంజ్‌లో మడ్డి అంటారు. 'గని మడ్డి గుంట' అనండి. పశువులను తోలుకుపోయే పిల్లవాడికి కూడా అది తాగే నీరు కాదని పేరే చెబుతుంది.

మంచి పదం ఎంత పని చేస్తుందో చూడాలంటే 'భారజలం' ఉన్నది. మామూలు నీటికంటె పదింట ఒక వంతు పైచిలుకు బరువుండే నీరు. హైడ్రోజన్‌లో ఏడువేలకు ఒకటి చొప్పున ఉండే బరువైన రకాన్ని పోగుచేసి దీన్ని తయారుచేస్తారు. ఇదీ పాళ్లు పెంచే పనే. మణుగూరులో 1991 నుంచి దీని కర్మాగారం నడుస్తున్నది. ఈ నీటిలో న్యూట్రాన్లు వేగం తగ్గుతాయిగాని పెద్దగా వృథా కావు. అందువల్ల వెయ్యింట ఏడు పాళ్ల సహజ యురేనియంతోనే రియాక్టరు నడుస్తుంది. మా నాయినకు ఇట్లా చెప్పాను: "ఒకరు విత్తనాన్ని మార్చుకున్నరు, మనం నీళ్లను మార్చుకున్నం." ఆయన రెండోసారి అడగలేదు. భారజలం అన్న మాట ఉన్నది గనుకనే నాకు ఆ వాక్యం దొరికింది.

ఈ నగరానికి పదాలు పుట్టించడం కొత్త గాదు. విజ్ఞాన చంద్రికా మండలి 1906లో ఇక్కడే పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటివారు తెలుగులో శాస్త్రం రాయించాలని పూనుకున్నది అప్పుడే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో శాస్త్రాలు బోధించడానికి ఏడాది ముందే ఒక అనువాద సంస్థను పెట్టుకుని వేల పదాలు తయారుచేయించింది. 1968లో తెలుగు అకాడమి వచ్చింది. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు తెలుగులో హాయిగా చదివించే సైన్సు వ్యాసాలు రాశారు. పెద్దలు ఇంత చేసిపెట్టారు. వారి పదకోశాలను నేను తక్కువ చేయడం లేదు. పదకోశంలో పుట్టిన పదం బజారుకు వచ్చి తిరిగి వెళ్లాలని మాత్రమే అంటున్నాను. సేటు, కాక, మా చిన్నమ్మ ముందు నిలిచిన పదం ఎక్కడైనా నిలుస్తుంది.

ఈ సావనీరు చదివే అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ, తోటి విద్యార్థి మిత్రులకూ ఒక విన్నపం. మనలో సగం మంది పల్లెల నుంచి వచ్చినవాళ్లం. వేసవి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కరం మన పాఠంలోని ఒక్క పదాన్ని వెంట తీసుకుపోదాం. ఇంట్లో, రచ్చబండ దగ్గర, బస్సులో దాన్ని చెప్పి చూద్దాం. ఎవరు ఏ ప్రశ్న వేశారో, ఏ మాటకు తల ఊపారో రాసుకుని రండి. విద్యార్థి సంఘం తలచుకుంటే వాటితో ఏడాదికొక చిన్న పుస్తకం వేయవచ్చు. ఖర్చు ఎక్కువ కాదు, ఒక సాంస్కృతికోత్సవంలో మైకుకు పెట్టే ఖర్చు చాలు. తరిగిన యురేనియం, పాళ్లు పెంచడం, గొలుసుకట్టు, గని మడ్డి గుంట అన్న ఈ నాలుగు పదాలు నా వంతుగా ఇస్తున్నాను. వీటికంటె మంచివి మీ ఊళ్లో దొరికితే వీటిని కొట్టేసి అవి రాయండి. రేపు ఏ పల్లెలోనైనా, ఏ సభలోనైనా ఒక రైతు లేచి నిలబడి, అడగదలచుకున్నది సూటిగా అడగగలిగితే, మన డిగ్రీలకు అంతకంటె వేరే సార్థకత ఏమున్నది?